చేతికివ్వని సూది

పక్కింటామె సూది అడిగితే మీరు ఆమె చేతిలో పెడతారా, అరుగు మీద పెట్టి తీసుకోమంటారా? నిజం చెప్పండి. చదువుకున్నారు, ఫోనులో కరెంటు బిల్లు కడతారు, పిల్లలకు గ్రహణం ఎందుకు వస్తుందో వివరిస్తారు. అయినా సూది దగ్గరకు వచ్చేసరికి మీ చెయ్యి దానంతటదే కిందికి వంగుతుంది. ఎందుకని అడిగితే, చేతికి చేతికి ఇస్తే కొట్లాటలు వస్తాయంటారు. ఎవరికి వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి అని మళ్ళీ అడిగితే పెద్దల మీద పెట్టి తప్పుకుంటారు.

నాకు ఈ ప్రశ్న ఏ సభలోనూ ఎదురు కాలేదు. ధర్మవరంలో మా పక్కింటి చాప మీద, అరవయ్యో పడిలో కుచ్చులు కట్టడం నేర్చుకోబోతే ఎదురైంది.

అంతవరకూ నాకు కుట్టుపని రాదు. మా బడిలో శుక్రవారం చివరి పీరియడు ఆడపిల్లలకు కుట్లు అల్లికలు, మగపిల్లలకు ఆటలు. వాళ్ళనూ కూర్చోబెడితేనే నేను కూర్చుంటానన్నాను. నాయన నన్ను చిన్నప్పటి నుంచీ సంస్కరణ సభలకు తిప్పినవాడు, వాదించడం ఆయన దగ్గర వచ్చిందే. టీచరు మాత్రం వాదించలేదు, బయట నిలబెట్టింది. ఏడాదంతా శుక్రవారాలు నిలబడ్డాను. నా మాటే సరైనదని ఇప్పటికీ అంటాను. కానీ ఊడిన గుండీ కుట్టించుకోవడానికి కూడా ఇంకొకరి గడప ఎక్కవలసి వచ్చేది.

నిరుడు జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వేళ్ళు బిగుసుకుపోయాయి. వేళ్ళకు ఏదైనా సన్నని పని పెట్టమని డాక్టరు చెప్పాడు. మా ఊళ్ళో కరువు వానకే గాని సన్నని పనికి కాదు. మగ్గం దిగిన పట్టుచీరకు కొంగు చివర రంగుదారాలతో కుచ్చులు కడతారు. ఇప్పటి పెళ్ళికూతుళ్ళు మామూలు ముడి కుచ్చులు ఒప్పుకోరు, క్రోషా కుచ్చులు కావాలంటారు. కొస కొక్కెంలా వంగిన క్రోషా సూదితో కొంగు అంచున దారాన్ని గొలుసులా అల్లి, మధ్యమధ్య పూసలెక్కించి, ఆ గొలుసుకు కుచ్చులు వేలాడదీయాలి. మా పక్కింటామె ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. నేర్పమంటే నవ్వింది.

"ఇన్నేండ్లు పెన్ను పట్టుకున్నావు, ఇప్పుడు సూది పట్టుకుంటావా? కానీలే, రాక్కా. ఈడ ఒగామె ఉండనే ఉండాది, నువ్వూ కూచో."

ఆ ఒగామె ఆమె కోడలు. చిలమత్తూరు పిల్ల, డిగ్రీ చదివింది, పెళ్ళయి ఏడాది కాలేదు. అత్తకు కంట్లో పొర కమ్ముతోంది. శ్రావణంలో పెళ్ళిళ్ళు మొదలవుతాయి. ఆ లోపల కోడలు పని అందుకోకపోతే దుకాణం వాళ్ళు పంపే చీరలు వెనకవీధిలో కుచ్చులు కట్టే ఆమెకు పోతాయి. కోడలికి ఆ పని పోగొట్టుకోవడం ఇష్టం లేదు. "మగ్గం మొగునిది, వంటిల్లు అత్తది. నాదీ అని ఒగ పని ఉండాల గదా పెద్దమ్మా," అంది నాతో, అత్త లోపలికి పోయినప్పుడు.

పాఠం ఇలా సాగేది. అత్త కొంగును ఒళ్ళో పరచుకుని కొంత గొలుసు అల్లి చూపించేది. తర్వాత సూదితో సహా చీరను చాప మీద పెట్టేది. కోడలు అక్కడి నుంచి తీసుకుని అల్లాలి. క్రోషా అల్లికలో నడుమ ముడి పడదు. అప్పటిదాకా అల్లినదంతా సూది కొస మీదున్న ఒక్క ఉచ్చును పట్టుకుని నిలబడి ఉంటుంది. చాప మీద నున్నటి సూది దొర్లుతుంది, పట్టుదారం జారుతుంది, ఉచ్చు ఊడుతుంది. పిల్ల దారం అందుకుని లాగగానే గొలుసంతా సరసరా విడిపోతుంది.

"మళ్ళా ఊడిపాయ! నీ చేతికి సబ్బేమన్నా పూసుకోని వస్తావేమే?"

"నేనింగా అల్లనే ల్యా కదత్తా! తీసుకుంటాండా, అంతే."

"నేను అల్లేటప్పుడు ఊడదే మరి?"

చాప మీద నుంచి నేను తీసుకున్న గొలుసులూ అట్లాగే ఊడుతుంటే, విరిగిన చెయ్యి కదా అనుకుని ఊరుకున్నాను. ఆ పిల్ల చెయ్యి విరగలేదు. అయినా నాకంటే ముందే తన చేతకానితనాన్ని నమ్మేసింది. "నాకు రాదులే పెద్దమ్మా, చేతిలోనే ల్యా," అంది ఒకరోజు, విడిపోయిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ. మూఢనమ్మకం మనిషికి చేసే మొదటి పని ఇదే. తప్పు తాను చేసి, చేతకానితనం మనకు అంటగడుతుంది.

అప్పటి నుంచి నా అల్లిక పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఉచ్చు అత్త చేతిలో ఊడటం లేదు. కోడలి చేతిలోనూ ఊడటం లేదు. ఊడేది రెండు చేతుల నడుమ, చాప మీద.

"కింద పెట్టద్దు, ఒగసారి చేతికే ఇచ్చి సూడు," అన్నాను అత్తతో.

ఆమె చెవులు మూసుకుంది. "అదొక్కటి చెప్పద్దక్కా. సూది చేతికి ఇయ్యగూడదు."

గుత్తిలో ఉద్యోగం చేసేటప్పుడు దీపాలు పెట్టినాక సూదులు అమ్మనన్న దుకాణదారుతో నేను చాలాసేపు వాదించాను. అతని దగ్గర కారణం లేదు, ఆచారం ఉంది. అట్లాంటి వాళ్ళతో వాదన తేలిక. ఈమె దగ్గర సాక్ష్యం ఉంది.

"మా చెల్లెలికి ఈ పని నేర్పిచ్చింది నేనే. తనకల్లులో, మా నాయనింట్లో. దానికి చేతికి చేతికే ఇచ్చినా సూది. ఏమైనాది? ఇప్పటికీ దానికీ నాకూ మాటల్లేవు."

"ఎందుకు ల్యావు?"

"మా నాయన బోరు పక్కనే మా మరిది ఇంగో బోరు ఏసినాడు. మా నాయన బోరు ఎండిపాయ. నేను అడిగినా. అది మొగుని పక్క మాట్లాడినాది."

"అయితే కొట్లాట పెట్టింది బోరు కదమ్మా! సూది ఏం చేసె?"

"బోర్లు అందరూ ఏస్తారక్కా. అందరూ అక్కచెల్లెండ్లను ఇడ్సిపెడ్తాండారా? మాకు సూది తగులుకొనె."

నేను చాలామందితో వాదించాను గాని ఇంత గట్టి జవాబు తక్కువ విన్నాను. భూమి లోపలి నీళ్ళు ఎవరివో తేల్చుకోలేక తోబుట్టువులు విడిపోయిన ఇళ్ళు మా జిల్లాలో ఊరికొకటైనా ఉంటాయి. ఆ తగాదాలో చెల్లెలు అన్న మాటలున్నాయి, అక్క అన్న మాటలున్నాయి, వెనక్కి తీసుకోవలసినవి రెండు వైపులా ఉన్నాయి. నేరం సూది మీద వేస్తే ఎవరూ ఏదీ వెనక్కి తీసుకోనక్కర్లేదు. సూది ఎదురు మాట్లాడదు. తనకల్లు బస్సెక్కి ఒకరి గడపలో తలవంచుకుని నిలబడమని అడగదు. అందుకే అది ఇన్ని ఇళ్ళలో ముద్దాయిగా చలామణి అవుతోంది. ఇవన్నీ ఆమెకు చెప్పాను. తల ఊపింది. చీరను మళ్ళీ చాప మీదే పెట్టింది.

శ్రావణం దగ్గరపడింది. దుకాణం నుంచి ఒక పెళ్ళిచీర వచ్చింది, చిలకపచ్చ మీద ఎర్ర అంచు. అత్త కళ్ళు చికిలించి మొదలుపెట్టింది, కోడలికి ఇవ్వబోయింది, గొలుసు ఊడింది. చీర మడతపెట్టేసింది.

"చాలు. దీన్ని వెనకవీధామెకు ఇచ్చేస్తా. నీకు రాదు."

కోడలు లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అత్తా, ఒగ మాట చెప్పు. సూది చేతికిస్తే మనిద్దురికీ కొట్లాట వస్తాది, అంతే కదా? నిన్న చారులో ఉప్పుకు కొట్లాడితిమి. మొన్న టీవీ రిమోటుకు కొట్లాడితిమి. సూది ఇయ్యకుండానే దినామూ కొట్లాడ్తాండాం కదా! ఇంగ ఇచ్చినాక కొత్తగా వచ్చేదేముండాది?"

అత్త వద్దనుకుంటూనే నవ్వింది. "దీని నోరు సూడక్కా! దీనికి సూది ఎందుకు, నోరే ఉండాది గుచ్చడానికి."

నా వాదం చెయ్యలేని పని కోడలి లెక్క చేసింది. ఆమె చీర మడత విప్పి, ఊడిన చోట మళ్ళీ అల్లింది. ఈసారి కింద పెట్టలేదు. సూదినీ దారాన్నీ పట్టుకున్న చేతిని అట్లాగే ముందుకు చాచింది. కోడలి వేళ్ళు దారాన్ని బిగువుగా అందుకునేదాకా వదల్లేదు. ఉచ్చు కొస మీదే ఉంది. పిల్ల ఊపిరి బిగబట్టి ఒక గొలుసు వేసింది, దాని మీద ఇంకొకటి. ఆ సాయంత్రానికి అంచు సగం అయింది. గొలుసు అక్కడక్కడా వంకర పోయింది గాని ఊడలేదు.

దీపాల వేళకు గోడ అవతల కేకలు. "సూసినావా అక్కా! ఇచ్చినందుకు సాయంత్రానికే వచ్చె కొట్లాట!" అని అత్త. "ఇది సూది కొట్లాట కాదు పెద్దమ్మా, చీపురు కొట్లాట! దారం ముక్కలు ఊడ్చలేదని!" అని కోడలు. నేను మధ్యలోకి పోలేదు. సూది మీద వేయకుండా జరిగే తగాదా ఆరోగ్యకరమైనది.

శ్రావణం చీరలు వెనకవీధికి పోలేదు. ఇప్పుడు నాకు పాఠం చెప్పేది కోడలే. సూది నా చేతిలోనే పెడుతుంది. నా కుచ్చులు ఇంకా ఎవరి పెళ్ళికీ పనికిరావు, వేళ్ళు మాత్రం వంగుతున్నాయి.

కుచ్చులు దువ్వుతూ ఒకరోజు పక్కింటామె తల ఎత్తకుండా అడిగింది. "సూది కాదంటావు. అయితే నేనేనా అక్కా?"

"నువ్వూ, మీ చెల్లెలూ. ఇద్దురూ," అన్నాను.

ఆమె మళ్ళీ కుచ్చులు దువ్వసాగింది. ఇది రాసేనాటికి ఆమె తనకల్లు పోలేదు. చేతినిండా పని ఉందంటుంది. నిజమే, ఉంది. కానీ కోడలికి సూది ఇచ్చిన నాటి నుంచి ఆమె దగ్గర ఆ పాత సాకు లేదు.

మీ దగ్గర ఇంకా ఉంది. కాబట్టి ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. దీపాలు పెట్టాకే లేవండి, పరవాలేదు. డబ్బాలోంచి సూది తీసి, దారం ఎక్కించి, ఇంట్లో పని రాదని మీరు తేల్చేసిన వాళ్ళ చేతిలో, సరిగ్గా చేతిలోనే పెట్టండి. వాళ్ళు గట్టిగా పట్టుకునేదాకా వదలకండి. ఆ తర్వాత, సూది పేరు చెప్పి ఎవరితో మాట మానేశారో వాళ్ళ ఊరి బస్సెక్కండి.