అవ్వ కొంగున జమ్మి ఆకు

మా అమ్మమ్మను మేమందరం అవ్వ అనే పిలుస్తాం. మొన్న దసరా మరునాడు ఆమెను బోధన్ నుంచి నిజామాబాద్ పాత జైలుకు తీసుకెళ్లాను. నిజాం కాలంలో ఆమె తండ్రి ఖైదీగా అందులోనే చనిపోయాడు. ఇప్పుడది స్మారకం. ఎనభై దాటిన అవ్వ అందులో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

దసరా నాడు మా దగ్గర చిన్నవాళ్లు జమ్మి ఆకును బంగారమంటూ పెద్దల చేతిలో పెట్టి మొక్కుతారు. ఆ తర్వాత ఒకరినొకరు కౌగిలించుకుని అలాయి బలాయి తీసుకుంటే పాత పగలు పోయినట్టే. అవ్వ ఏటా ఒక ఆకును కొంగున ముడివేసుకునేది. దేవుడి కోసమేమో అనుకునేదాన్ని.

గదులు చూపిస్తున్న ముసలి కాపలాదారుకు అవ్వ తన తండ్రి సంగతి చెప్పింది. "మా తాత గీ జైల్లనే జవాను ఉండె అవ్వా. గీ గదుల తాళాలు ఆయన తాన్నే ఉండె" అన్నాడాయన తల వంచుకుని.

అవ్వ చేతికర్ర బిగించి పట్టుకుంది. కొడుతుందేమోనని నేను ముందుకు అడుగేశాను. ఆమె కర్ర నాకిచ్చి కొంగుముడి విప్పింది.

"గీ ఆకు మీ ఇంటిదే బిడ్డా. ఎవలకియ్యాల్నో తెల్వక ఇన్నేండ్లు దాసిన" అంటూ వాడిన ఆకును ఆయన చేతిలో పెట్టింది.

పెద్దావిడే ముందు ఇచ్చింది. ఆయన ఏడుస్తూ ఆమె కాళ్లకు మొక్కాడు.

నేను మా తోటికోడలితో మాట్లాడి మూడేళ్లయింది. నాకన్నా చిన్నది, తనే ముందు రావాలని కూర్చున్నాను. ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా వాళ్లింటికి వెళ్లి తలుపు తట్టాను.

— ఒక పాఠకురాలు, బోధన్