ఎర్ర గోలీలు, కొండగట్టు బస్సు

ఆ రోజుల్లో నాకు తెలియని జబ్బంటూ లేదు. తెలియనిదల్లా మనుషులే. నర్సింగు చదువు అప్పుడే ముగించి రాయికల్ దగ్గర ఓ చిన్న ఆసుపత్రిలో కొత్తగా చేరాను. గర్భిణికి చెప్పులు కాస్త బిగుతైనా చాలు, కాళ్లు వాచాయని, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చేస్తాయేమోనని హడలిపోయేదాన్ని. (ఒకామెకు మూడుసార్లు బీపీ చూసి నాలుగోసారి పట్టీ చుట్టబోతే, "జర నీది సూసుకో సిస్టరమ్మా, చెమటలు పడుతున్నయ్" అంది.)

అలాంటి నా చేతికి బీడీలు చుట్టే ఓ అత్త తన కోడలిని అప్పగించింది. కోడలికి ఏడో నెల, ఒంట్లో రక్తమూ ఏడే, పదకొండైనా ఉండాల్సింది. కాన్పులో కాస్త రక్తం పోయినా కోడలు తట్టుకోలేదని నాకు గుబులు. ఎర్రటి ఐరన్ గోలీలిచ్చి, వాటి మీద టీ తాగొద్దనీ, ఆకుకూరలు తినాలనీ అరగంట దంచాను. ఒక్క ముక్క మాత్రం చెప్పడం మరిచాను.

నాలుగో రోజు పొద్దున అత్త ఫోన్ చేసింది. "సిస్టరమ్మా, కోడలికి దొడ్డికి నల్లగ అయితుంది, బొగ్గు లెక్క! ఎవలో ఏదో చేసిండ్రు. కొండగట్టు అంజన్న గుడికి తోల్కపోతున్న." నాకు పుస్తకంలో పేజీతో సహా కళ్ల ముందుకొచ్చింది: మలం నల్లగా ఉంటే కడుపులో రక్తస్రావం! "ఎక్కడికీ పోవద్దు, పండుకోబెట్టు!" అని అరిచేలోపే ఫోన్ కట్టయింది. 108 బండిని పిలిచి నేనూ ఎక్కాను. ఇంటికి పోతే తాళం. పక్కింటాయన "జగిత్యాల బస్టాండుకు పోయిండ్రు" అన్నాడు.

సైరన్ మోగించుకుంటూ బస్టాండులోకి దూరేసరికి కొండగట్టు బస్సు కదలబోతోంది. చేతులు చాచి దాని ముందు అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. లోపల చూస్తే కోడలు కిటికీ పక్కన నిమ్మళంగా పల్లీలు తింటోంది. అత్త నన్ను చూసి మురిసిపోయి, సీట్లో పక్కకు జరిగింది.

"రా బిడ్డా, నువ్వు గూడ మొక్కుకున్నవా?"

ఇద్దరినీ దింపి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. "నాకేం గాలే సిస్టర్" అని కోడలంటే, "మాట్లాడకు, బలం పోతది" అని గద్దించాను. అక్కడి పెద్ద సిస్టర్ కోడలి నాడి, బీపీ చూసి, కళ్లద్దాల మీదుగా నా వైపు తిరిగింది.

"ఏం గోలీలిచ్చినవ్?"

"ఐరన్, మేడం."

"ఐరన్ మింగితే నల్లగ గాక పచ్చగైతదా? ఇచ్చేటప్పుడు చెప్పలేదా?"

అంబులెన్సు డ్రైవరన్న గోడ వైపు తిరిగి నవ్వాడు. అత్త మాత్రం నవ్వలేదు. కోపంతో గోలీలు మాన్పిస్తుందేమోనని ఆమె చెయ్యి పట్టుకున్నాను. "తప్పు నాదే అత్తమ్మా, గోలీలు ఆపకు. నల్లగ అయితే భయం లేదు" అని బతిమాలాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"అంటే నల్లగుంటే గోలి లోపటికి పోయినట్టేనా?"

అవునన్నాను. అనకుండా ఉండాల్సింది. మర్నాడు టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే ఫోన్. "ఇయ్యాల మంచి నలుపుంది సిస్టరమ్మా!" ఆ రోజు మొదలు రోజూ అదే కబురు, సరిగ్గా టీ వేళకే. ఒకరోజు "జర తక్కువుంది" అంటే ఆరా తీశాం. కోడలు గోలీలు ఎగ్గొట్టి పరుపు కింద దాచింది. అత్త ముందు ఏ పరీక్షా పనికిరాదు.

కాన్పు నాటికి రక్తం పదికెక్కింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. ఆ మర్నాడు టీ పోసుకుని కూర్చుంటే ఫోన్ మోగలేదు. నిజం చెప్పొద్దూ, టీ చప్పగా అనిపించింది.

ఇప్పుడు కొత్తగా వచ్చే నర్సులకు నేనే పెద్ద సిస్టర్‌ని. గోలీ చేతికిచ్చే ముందు రంగు సంగతి చెప్పమంటాను. ఇదేం చాదస్తమని వాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. బస్సుకు అడ్డంగా నిలబడ్డ ఆ వెర్రిపిల్ల గుర్తొచ్చి నేనూ నవ్వుతాను. ఆ తర్వాత అంత పెద్ద తప్పు మళ్లీ చేయలేదు. ఎవరి కోసమూ అంత పరుగూ తీయలేదు.