చితకని నిమ్మకాయ

నిన్న హిందూపురంలో మా అక్క కూతురు కొత్త కారుకు పూజ చేయించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు. ఆ వాసనకు మా నాయన పాత అంబాసిడర్ గుర్తొచ్చింది. ఎండకు కాగిన రెక్సిను సీటుకు తొడలు అతుక్కుంటాండె. మన ఈడువాళ్లకు గుర్తుండాదా?

అప్పుడు మాది పెనుకొండ పక్కన పల్లె. నాయన ధర్మవరం నుంచి కొత్త బ్రేకు డ్రమ్ములు తెచ్చి ఒకపొద్దు ఆ కారుకు బిగించినాడు. ఇంతలో అక్కకు కాన్పు నొప్పులు మొదలైనాయి. హిందూపురం ఆస్పత్రికి పోవల్ల. అంత తొందరలోనూ అవ్వ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కారు కదిలింది. మూడు చితికినాయి. ముందర ఎడమ చక్రం కాయను మన్నులో తోసుకుంటా పోయింది, చితకలేదు.

"అపశకునం రా! బండి కదిలించొద్దు," అనింది అవ్వ.

నాయన దిగి చూసినాడు. "శకునం కాదుమ్మా. చక్రమే తిరగలే. కొత్త డ్రమ్ము ఇరుకై పట్టేసిండాది. చూసుకోకుండా పోయింటే దావలో బోల్తా పడతాంటిమి."

వెనక సీట్లో అక్క పళ్లు కొరుకుతా, "బిరీన కానీ నాయనా," అంటాండాది. నాయన చక్రం ఊడదీసి, లోపలి బ్రేకు పట్టీని ఆకురాయితో అరగదీసినాడు. మళ్లీ బిగించి తిప్పితే చక్రం తిరిగింది.

అవ్వ అదే కాయను కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. పటుక్కున చితికింది.

"ఇంక పోండప్పా," అనింది.

ఆ పొద్దు అక్క కడుపులో ఉన్న బిడ్డదే నిన్నటి కారు.

"ఏం మామా, నిమ్మకాయలను అట్ల చూస్తాండావు?" అని నిన్న ఆ పిల్ల నగింది.

నాలుగూ చితికినాయని వంగి చూసుకున్నాకే కారెక్కినా.