మోటారుకు బొట్టు

కావలిలో కొన్న కొత్త చెప్పులు విడవలూరు దాటకముందే కరవడం మొదలుపెట్టాయి. వాటిని చేతపట్టుకుని సముద్రపు ఒడ్డుకు చేరేసరికి, అక్కడ చెప్పుకోదగ్గ కష్టమే వేరే ఉంది. నిన్న తెప్ప మీద వేటకు పోయిన పోలయ్య తిరిగి రాలేదు. వెతకడానికి అతని తమ్ముడి మోటారు పడవ ఒక్కటే ఉంది. అది కదలడం లేదు.

"చోకు బిగుసుకుపోయింది సామీ," అన్నాడు తమ్ముడు, తాడు లాగి లాగి అలిసి.

నా ఇంజను విద్య మోటారు సైకిలు దగ్గరే ఆగింది. అయినా చెయ్యి పెట్టాను. చోకు మీట చుట్టూ పసుపూ కుంకుమా గట్టిపడి ఉన్నాయి.

"శుక్రవారం శుక్రవారం మా వదిన పూజ చేస్తాది," అన్నాడతను తలెత్తకుండా.

కిరసనాయిలు గుడ్డతో అంతా తుడిచాం. చోకు కదిలింది, మోటారు అందుకుంది.

పక్కనే నిలబడి చూస్తున్న పోలయ్య భార్య అంది: "మోటారు బొట్టు తుడిచినారు గదా. ఇంక నాదే ఉండాది."