బుసక గోతిలో కలబంద

ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్నవాళ్లం ఇద్దరం: నేను, నా అసిస్టెంటు సుబ్బు. యాభై మీటర్ల టేపు, నైలాన్ తాడు, జీపీఎస్ పరికరం, సర్వే షీట్లు, సగం ఖాళీ అయిన నీళ్ల క్యాను. దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు కాబట్టి ముందే ఇవన్నీ చెబుతున్నాను. ఎండ మాడ్చేస్తోంది. ఇద్దరం బాగా అలిసిపోయి ఉన్నాం.

నాగాయలంక దాటాక సముద్రం వైపు, ఒక చేపలు పట్టేవాళ్ల పల్లె పక్కన ఉంది ఆ స్థలం. అక్కడి బుసకను, అంటే ఇళ్ల స్థలాలు మెరక చేయడానికి వాడే ఇసక మట్టిని, నిలువులోతు తవ్వి లారీల్లో గుడివాడ వైపు తోలేశారు. తర్వాత గొయ్యి పూడ్చాలని ఆర్డరు వచ్చింది. కాలవల్లో తీసిన పూడిక మట్టి తెచ్చి నింపి, పైన సరుగుడు, కానుగ, వేప నాటారు. ఎన్ని బతికాయో, వాటంతట అవి ఏం మొలిచాయో లెక్కపెట్టడం మా పని. బందరు నుంచి బండి మీద వెళ్లడం, తాడుతో చదరాలు కట్టడం, వంగి లెక్కపెట్టడం, నడుం పట్టుకుని లేవడం. రెండో ఏడాదికే ఆ పని మీద నాకు ఉత్సాహం పోయింది.

పడమటి మూల కలబంద దుబ్బులు పెరుగుతున్నాయి. అంతకుముందు సర్వేలో చిన్న పిలకలుగా చూసినవే. మేం నాటిన వాటిలో కలబంద లేదు. పల్లెవాళ్లు పెట్టుకుని ఉంటారనుకున్నాం. బయటివాళ్లు పెట్టినవి పెరికేసి ఆ చోట కానుగ పెట్టాలని, వాటంతట అవి మొలిచినవి ఉంచాలని మాకు రూలు. సుబ్బు గునపం తెచ్చాడు.

అంతలో నాంచారమ్మ వచ్చింది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే పెద్దావిడ. వెళ్లినప్పుడల్లా మాకు మంచినీళ్లు ఇచ్చేది ఆవిడే. గునపం ఇంకా ఆవిడ కంట పడలేదు. నా చెయ్యి పట్టుకుని, "మీ కడుపు చల్లగుండ బాబూ, మావాళ్లకి మళ్లీ కలబంద పెట్టించారు," అంది.

"మేం పెట్టలేదమ్మా. మీరే పెట్టారనుకున్నాం."

"మేమెందుకు పెడతాం? ఈ మట్టి మీరు తెచ్చిందేగా. మావాళ్లు ఎప్పుడో లారీలెక్కి గుడివాడ వెళ్లిపోయారు," అంది నవ్వుతూనే.

అప్పుడు తెలిసింది. ఆ మూల పల్లె శ్మశానం. తవ్వినవాళ్లు దాన్నీ వదల్లేదు. శవాన్ని పూడ్చిన ప్రతి చోటా తలవైపు ఒక కలబంద పిలక నాటడం ఆ పల్లె ఆనవాయితీ. నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా బతుకుతుందని. మేం నాటించామని పల్లెవాళ్లు, పల్లెవాళ్లు నాటారని మేం, ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లం అనుకుంటూ వచ్చాం.

నాంచారమ్మ ఒక్కో దుబ్బు దగ్గరా ఆగి పేరు చెబుతూ నడిచింది. ఇది మా ఆయన, ఇది మా అత్త, ఇది తోడికోడలు. చివర, వరసకి కాస్త ఎడంగా, సముద్రం వైపు ఉన్న దుబ్బు దగ్గర ఆగిపోయింది. అక్కడ ఎవర్నీ పెట్టలేదంది. కాసేపటికి అక్కడే చతికిలబడింది.

వాళ్ల చిన్నబ్బాయి వేటకెళ్లిన పడవ తిరిగి రాలేదట. శవం కూడా దొరకలేదు. అందుకే అతనికి చోటంటూ లేదని, పక్కన వంగి ఆవిడ మాటలు విన్న సుబ్బు నాకు మెల్లగా చెప్పాడు.

ఆవిడ అప్పుడు గునపం వైపు చూసింది. "మిగతావాటి సంగతి మా పెద్దోళ్లతో మాట్టాడుకోండి. దీన్ని మాత్రం పీకమాకండి బాబూ," అంది.

ఆ రోజు ఏదీ పెరకలేదు. అన్నిటికీ జీపీఎస్ పాయింట్లు తీసుకుని వచ్చేశాం. సాయంత్రం బందరులో, తవ్వకానికి ముందు తీసిన డ్రోన్ ఫొటో మీద ఆ పాయింట్లు వేశాను. ఫొటోలో పాత సమాధుల దగ్గర ఇరవై రెండు దుబ్బులు ఉన్నాయి. పరికరానికి ఎప్పుడూ ఉండే కొద్దిపాటి తేడా తప్ప, మా పాయింట్లు వాటి మీదే పడ్డాయి. ఎడంగా ఉన్నదాని కింద ఫొటోలో ఉత్త ఇసకే.

పూడిక మట్టితో పిలకలు కొట్టుకొచ్చాయనుకుంటే, ఆ మట్టి పడిన మిగతా చోట్లా మొలవాలి. ఎక్కడా లేవు. పాత వేళ్లు మిగిలాయేమోనని మర్నాడు పక్కన తవ్వి చూశాను. వేళ్లు జానెడు లోతు కూడా లేవు. వాటి కింద మనిషి ఎత్తున కొత్త మట్టి. ఎవరో నాటి మాకు చెప్పడం లేదనుకుంటే, గుర్తులన్నీ పోయిన నేల మీద పాత చోట్లు అంత కచ్చితంగా ఎలా పట్టుకున్నారు? ఆ ఫొటో పల్లెలో ఎవరి దగ్గరా లేదు.

వాటిని పెరకనని మా ఇంజినీరు గారికి ఫోన్ చేశాను. కారణం అడిగారు. జరిగింది చెప్పాను. "సహజంగా మొలిచినవి అని రాయండి. ఉంచేద్దాం," అన్నారు.

అలాగే రాశాను. ఆ మాట తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్న మళ్లీ వెళ్లాం. కానుగల్లో చాలా వరకు ఎండిపోయాయి. సరుగుడు పరవాలేదు. కలబంద, బతికి ఉన్నవి: ఇరవై మూడు.