మోటార్ల వీధిలో శాంతాబాయి

మా నాచారం వీధిలో ఇరవై రెండు ఇళ్లు, ఇరవై ఒక్క మోటార్లు. మోటారు లేనిది చివరింటి శాంతాబాయికి ఒక్కదానికే. ఆవిడ మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో బిస్కట్లు ప్యాక్ చేస్తుంది.

కార్పొరేషన్ నీళ్లు రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి వస్తాయి. రాగానే చదువుకున్నవాళ్లమంతా పైపుకి బిగించిన మోటార్లు వేసి నేల కింది సంపుల్లోకి లాగేస్తాం. అది తప్పని అందరికీ తెలుసు. పక్కవాడు లాగుతున్నాడు కాబట్టి మేమూ లాగుతాం. మా ఇంటి మోటారు ఒక హార్స్‌పవర్‌ది, మా సిగ్గుకి మాత్రం అంత పవర్ లేదు.

శాంతాబాయి కుళాయిలో గాలి తప్ప ఏమీ రాదు. మెయిన్ రోడ్డు దాకా పోయి బిందెలు మోసుకొచ్చేసరికి డ్యూటీకి ఆలస్యం. ఇంకొక్కసారి ఆలస్యమైతే రావద్దని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

అసోసియేషన్ అధ్యక్షుడు బుచ్చిబాబు గారు రిటైరైన పెద్దమనిషి. రోజూ వీధి వాట్సాప్ గ్రూపులో గులాబీ పువ్వు పెట్టి 'మనమంతా ఒకే కుటుంబం' అని రాస్తారు. శాంతాబాయి వెళ్లి అడిగితే, "అందరూ ఆపితే నేనూ ఆపుతానమ్మా" అన్నారు. ఇంటింటా ఇదే మాట. నేనూ అదే అన్నాను. ఎవరికి వారే యమునా తీరే.

చివరికి వాల్వు తిప్పే కొమురెల్లి ఆవిడకి అసలు సంగతి చెప్పాడు. "మొన్న కరెంటు పోయిన దినం నీ నల్లాకు మస్తు నీళ్లొచ్చినయ్ గదా అక్కా! అందరి సంపులు గూడ నిండినయ్. గీళ్లకు మోటర్లు అక్కరనే లేదు."

నీళ్ల రోజుకి ముందటి సాయంత్రం ఆవిడ మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి బతిమాలలేదు. బుచ్చిబాబు గారి గేటు దగ్గర గొంతు తగ్గించి, "సార్, రేపు అందరు మోటర్లు బంద్ పెడతమంటున్నరు. పక్కింటోళ్లు సాటుగ ఏస్తరేమో, జర మీరు బయట నిలబడి సూడుండ్రి" అంది. పక్కింట్లో బుచ్చిబాబు గారి మీద అదే మాట చెప్పింది. నాకేమో ఎదురింటివాళ్ల మీద.

పొద్దున ఆరింటికి చూడాలి మా వైభోగం! పెద్దపెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లం లుంగీలతో, నైటీలతో గేట్ల దగ్గర నిలబడి ఒకరింటి వైపు ఒకరం చెవులు రిక్కించాం. ఎదురింటామె పేరు ఉమ అని పదకొండేళ్లకి ఆ రోజే నాకు తెలిసింది. నిలబడి నిలబడి విసుగుపుట్టి ఆవిడ అందరికీ టీ పెట్టుకొచ్చింది. బుచ్చిబాబు గారు కప్పు అందుకున్నారు గానీ పక్కింటి గోడ మీంచి చూపు తిప్పలేదు. ఒక్క మోటారూ మోగలేదు. సంపులన్నీ నిండాయి.

చివరింటికి వెళ్లాను. శాంతాబాయి మూడో బిందె లోపల పెట్టి, టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటోంది.

"వీధంతా ఒక్కటి చేసేశావు శాంతాబాయ్" అన్నాను. ఆ ఒక్కటైనవాళ్లలో నేనూ ఉన్నానని కాస్త గొప్పగానే అన్నాను.

"మీరు మంచిగైతరని సూస్కుంట కూసుంటే నా కొల్వు పోతుండె మేడమ్. మీకు ఒకరంటే ఒకరికి నమ్మకం లేదు. గదే అక్కరకొచ్చింది" అని చెప్పులేసుకుంది. "ఎల్లుండి గూడ నిలబడుండ్రి. ఆరింటికి."