మరవారి ఇల్లు

మొన్న ఆదివారం ఫ్రిస్కోలో మా పాత వీధిగుండా వెళ్ళాల్సి వచ్చింది. అప్పటి మా పక్కింటికి కొత్తగా వచ్చినవాళ్ళు పాత చెక్క కంచె పీకేసి, తెల్లటి ప్లాస్టిక్‌ది ఏదో పాతారు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం. అయినా నాకు ఒళ్ళు మండింది. ఆ చెక్క కంచె మీద మోచేతులు ఆనించి ఆ ఇంటి పెద్దావిడ నాకు తన ఊరు ఊరంతా చూపించింది మరి.

మేం ఆ ఇల్లు కొన్నది రెండువేల ఐదు ప్రాంతంలో. అప్పటికే ఆవిడకు ఎనభై దగ్గరపడుతున్నాయి. చెక్ దేశపు కొండల్లో పుట్టి, పందొమ్మిదేళ్ళకు సరిహద్దు దాటి వచ్చిన మనిషి. టొమాటో మొక్కలకు నీళ్ళు పెడుతూ ఊరి సంగతులు మొదలుపెట్టేది. కొండమీద గాజు బట్టీ పెట్టారట, దాని చుట్టూ ఊరు పుట్టిందట. చుట్టుపక్కల చెట్లన్నీ మింగేసి బట్టీ మూతపడితే, జనం ఆవులను మేపుకుంటూ అక్కడే ఉండిపోయారట. వాగు ఒడ్డున ఉల్లిగడ్డ లాంటి గోపురంతో చర్చి, దాని పక్కన చెక్క గంటస్తంభం, వాగు దిగువన పిండి విసిరే నీటిమర. ఆ మర ఇంట్లోనే ఆవిడ పుట్టింది. ఎండకు నా మాడు మాడిపోతుంటే, అక్కడ కిటికీల దాకా పేరుకునే మంచు గురించి చెప్పేది. ఆవిడ వచ్చేసిన కొన్నేళ్ళకు, సరిహద్దుకు మరీ దగ్గరగా ఉందని సైన్యం ఊరు ఖాళీ చేయించి, చర్చితో సహా నేలమట్టం చేసింది. ఇప్పుడక్కడ అడవి. ఇదంతా చెప్పి, మళ్ళీ టొమాటోల దగ్గరికి వెళ్ళిపోయేది.

ఒక వేసవిలో మా అత్తగారు కర్నూలు నుంచి వచ్చి ఆరు నెలలున్నారు. ఆవిడ పుట్టిన ఊరు డ్యాం నీళ్ళలో మునిగిపోయింది. కంచెకు అటొకరు, ఇటొకరు నిలబడి, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుని, అన్ని విషయాల్లోనూ ఏకాభిప్రాయానికి వచ్చేవాళ్ళు. నా అవసరం ఎప్పుడో గానీ పడేది కాదు.

ఒకరోజు పడింది. అంతకుముందే పెద్దావిడ భర్త సమాధిరాయి మీద, ఇక్కడి పద్ధతి ప్రకారం, ఆవిడ పేరూ చెక్కించి, పోయిన తేదీకి మాత్రం ఖాళీ వదిలారు. అంతా భర్త ఇంటిపేరే. కింద ఒక్క వరుసలో తన మర ఇంటి పేరు కూడా చెక్కించమని కొడుకును అడిగిందట.

"అది మన పేరు కాదు మామ్" అన్నాడట ఆ పెద్దమనిషి.

కొడుకు మాట కన్నా ఆవిడకు తన ఊరి కట్టుబాటే ఎక్కువ బాధగా ఉంది. అక్కడ పేరు ఇంటిది, మనిషిది కాదు. మర ఇంట్లో ఎవరు కాపురముంటే వాళ్ళే మరవాళ్ళు. విడిచిపోతే పేరు గడప దగ్గరే ఆగిపోతుంది.

"నేను విడిచి వచ్చినదాన్ని. ఇప్పుడు ఆ ఇల్లే లేదు. మరి పేరు ఎవరిది?" అని, మా అత్తగారివైపు తిరిగింది. "మీ దేశంలో ఇంటిపేరు మనిషి వెంట వస్తుందటగా, అడుగు."

అడిగాను. అబద్ధం చెప్పడం మా అత్తగారికి చేతకాదు.

"మగోళ్ళకైతే ఎంట వస్తాదమ్మా. ఆడోళ్ళకు పెండ్లితోనే పాయె. మా పుట్టింటిపేరు అడిగినోళ్ళే లేరు నన్ను. చెప్పు ఆమెకు."

చెప్పాను. పెద్దావిడ నవ్వింది. "అయితే మీ దగ్గరా కుదరదన్నమాట" అని పైపు కట్టేసి లోపలికి వెళ్ళింది. ఆ రాయి సంగతి కొడుకు దగ్గర మళ్ళీ ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది.

మరుసటి చలికాలంలో పెద్దావిడ పోయింది. సమాధి దగ్గరికి వెళ్ళి చూశాను. ఖాళీలో తేదీ నింపారు, అంతే.

ఆవిడ ఊరు నాకు గుర్తుందిలే అని చాన్నాళ్ళు ధీమాగా ఉండేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే చర్చి వాగుకు ఏ ఒడ్డున ఉందో తెలియడం లేదు, గాజు బట్టీకి దారి ఎటో తెలియడం లేదు. అక్కడ సైన్యం కొద్దిరోజుల్లో చేసిన పనిని, నాలో కాలం తీరిగ్గా చేసుకుంటోంది.